కొంగు కింద గిన్నె

రాసుకో పాపా, చెప్తూ పోతాను. మధ్యలో నేను కాఫీ అడిగితే అది మాత్రం రాయొద్దు.

మన వీధిలో కరెంటు స్తంభానికి కెమెరా బిగించిన రోజు అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. తిరుచానూరుకు వచ్చేపోయే జనంలో ఎవరు ఎలాంటివారో తెలియదు. పక్క వీధిలో ఒకామె మెడలో గొలుసు తెంపుకుపోయారు. అందుకే అందరం తలా కొంత వేసుకుని పెట్టించుకున్నాం. బిగించడానికి వచ్చినతనికి మజ్జిగ ఇచ్చి, "మా గేటు బాగా కనపడేట్టు పెట్టు నాయనా" అని కూడా చెప్పాను. బాగానే కనపడింది.

ఎదురింటావిడ నీకు తెలుసుగా, నీ చిన్నప్పుడు జడలో కనకాంబరాలు పెట్టేది. భర్త పోయాక అమ్మవారి గుడి దగ్గర పూలకొట్టులో మాలలు కట్టి బతుకుతోంది. ఆమె బస్సు దిగి ఇల్లు చేరేసరికి వీధిలో దీపాలు పెట్టేసి ఉంటారు. అప్పుడు పాలు కాచుకుంటుంది. ఇంట్లో ఫ్రిజ్ లేదు, తన పెరుగు మధ్యాహ్నానికే పులిసిపోతుంది, తోడుకు మన పెరుగే కావాలి. కానీ దీపాలు పెట్టాక తోడు చేతికి ఇవ్వకూడదు, ఇస్తే ఇంట్లో లక్ష్మి వెళ్ళిపోతుందంటారు. నోరు తెరిచి అడగనూ కూడదు.

అందుకని మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దు గుంకకముందే చిన్న గిన్నెలో రెండు చెంచాల పెరుగు వేసి, మూత పెట్టి, గేటు లోపల తులసికోట పక్కన ఉంచుతాను. ఆమె వస్తుంది, పిలవదు, గిన్నె తీసి కొంగు కింద పెట్టుకుని, వెనక్కి తిరగకుండా పోతుంది. నేను కిటికీలోంచి చూస్తూనే చూడనట్టు ఉంటాను. ఇచ్చినట్టూ కాదు, అడిగినట్టూ కాదు. తెల్లారి అదే గిన్నెలో మూరెడు పూలు వస్తాయి. మీ అమ్మ కాపురానికి రాకముందు నుంచీ ఇదే వరస.

పోయిన ఏడాది మన పక్కింటివాళ్ళు అరుణాచలం గిరిప్రదక్షిణకు వెళ్ళొచ్చేసరికి దేవుడి గదిలో వెండి కుందులు లేవు. మన గేటూ వాళ్ళ గేటూ పక్కపక్కనే కదా. వీధి కమిటీవాళ్ళు కెమెరా రికార్డింగు వెనక్కి తిప్పి చూశారు. మసక చీకట్లో ఒక ఆడమనిషి గేటు దగ్గర నుంచి కొంగు కింద ఏదో దాచుకుని పోతోంది. ఆ ముక్క వీధి వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. మధ్యాహ్నానికల్లా కూరగాయల బండి అతను కూడా చూసేశాడు.

సాయంత్రం ఎదురింటావిడ బస్సు దిగి వచ్చేసరికి జనం ఆమె వాకిట్లో ఉన్నారు. నేను పరుగెత్తాను.

"అది తోడబ్బా! పెరుగు తోడు! నేనే పెట్టినాను."

కమిటీ అతను ఫోను నా మొహం ముందు పెట్టాడు. "తోడైతే కొంగు కింద యాల దాసుకుంటాది అవ్వా? సూడు, ఎనక్కి తిరిగి గూడా సూడకుండా పోతా ఉండాది."

"దీపాలు పెట్టినాక సేతికి ఇయ్యకూడదని మీ అమ్మ సెప్పలేదా నీకు?"

"పెరుక్కి ఇంత నాటకమా అవ్వా!" అని వెనక ఎవడో అన్నాడు. నవ్వారు పాపా. నేను చెప్పిన నిజం వాళ్ళకు నవ్వులాట అయింది.

"ఇంట్లో ఒక్కసారి సూస్తామక్కా, తప్పుగా అనుకోవద్దు" అన్నాడు కమిటీ అతను.

ఆమె జనాన్ని దాటుకుని మెట్లెక్కింది. తలుపు తనే తీసింది. ట్రంకుపెట్టె మూత తనే ఎత్తింది. భర్త చొక్కా ఒకటి మడత పెట్టి దాచుకుని ఉంది, దాన్ని కూడా దులిపి చూపించింది. తర్వాత వంటింట్లోకి పోయి, ఆ పొద్దున బస్సు తొందరలో తిరిగివ్వకుండా ఉండిపోయిన నా గిన్నె తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఇదేనప్పా నేను ఎత్తుకొచ్చింది. మూత గూడా ఉండాది, సూసుకో."

వారం తిరక్కుండానే కుందులు పక్కింటివాళ్ళ బియ్యం డ్రమ్ములో దొరికాయి. ఊరెళ్తున్నామని దొంగల భయంతో ఆ ఇంటావిడే దాచి మరిచిపోయిందట. ఆ వీడియోను గ్రూపులోంచి తీసేశారు. కుందులు దొరికాయని మాత్రం ఎవరూ పెట్టలేదు.

నేను ఆమె ఇంటికి వెళ్ళాను. "మే, రేపట్నించి నేనే తెచ్చి నీ సేతికే ఇస్తా. లచ్చిమి పోతే పోనీ" అన్నాను.

"వొద్దులే అక్కా. పాకెట్టు పెరుగు తెచ్చుకుంటా ఉండాను."

"పాకెట్టుది నీకు గొంతు దిగదు గదమే."

"దిగతా ఉండాదిలే."

ఆ మాట ఎంత మెల్లగా చెప్పిందో. తిట్టినా బాగుండేది. తెల్లారి గిన్నెలో పూలు రావడం అప్పుడే ఆగిపోయింది. పండక్కి బజారులో పూలు కొనుక్కొచ్చారుగా, నేను తలలో ఎందుకు పెట్టుకోలేదని మీ నాయన అడిగాడు. ఏం చెప్పను?

ఇప్పుడు ధనుర్మాసం కదా, సాయంత్రం అయ్యేసరికి చలి వణికిస్తోంది. నిన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె బస్సు దిగి వస్తోంది. అందరూ చెవులదాకా కొంగు కప్పుకుని పోతుంటే, ఆమె కొంగు నడుముకు బిగించి దోపుకుంది. ఒక చేతిలో పెరుగు పాకెట్టు, ఒక చెయ్యి ఖాళీ. రెండు చేతులూ ఒంటికి దూరంగా, అందరికీ కనపడేట్టు పెట్టుకుని నడుస్తోంది.

"సలి పెడతా ఉండాది మే, కొంగు కప్పుకో" అన్నాను.

ఆగింది. నా వైపు కాదు, తలెత్తి స్తంభం వైపు చూసింది. చేతులు అట్లాగే పెట్టుకుని ఇంట్లోకి పోయింది.