తాళం లేని పేజీ

చిట్టికి ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పెద్దదిక్కు టీమ్ లీడరే. అందరూ మాటవరసకి అన్న అనేవారు, చిట్టి మాత్రం నోరారా పిలిచేది. పని నేర్పింది ఆయనే మరి.

ఓ ఆస్పత్రికి లోపలి పనులు చూసుకునే అడ్మిన్ సైటు తయారుచేస్తున్నారు. మామూలు పేజీలన్నీ ఫ్రేమ్‌వర్క్ అనే రెడీమేడ్ సాఫ్ట్‌వేరే ఇస్తుంది, లాగిన్ తాళంతో సహా. మనం సొంతంగా రాసి చేర్చిన పేజీకి మాత్రం తాళం మనమే వేయాలి. లేకపోతే లింకు దొరికిన ప్రతివాడూ లోపలికొచ్చేస్తాడు. సిబ్బంది ఫిర్యాదుల పేజీ చిట్టి రాసింది. తాళం వేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుంది. ఆ ధైర్యంతోనే ఆ ఆస్పత్రిలోనే నర్సుగా చేసే పిన్నికి చెప్పింది.

"హెడ్ నర్సు పెట్టే బాధలన్నీ రాసెయ్ పిన్నీ. డైరెక్టరు తప్ప ఇంకెవరూ చూడలేరు."

పిన్ని రాసింది.

సైటు చూపించే డెమో రోజున ఆస్పత్రి డైరెక్టరు ఫోనులో లాగిన్ కాలేదు. అన్నకి చెమటలు పట్టాయి.

"చెల్లెమ్మా, ఈ పూటకి తాళం తీసెయ్. సాయంత్రం నేనే పెట్టేస్తాలే."

"అన్నా, అందులో పేర్లున్నాయి!"

"నా మీద నమ్మకం లేదా?"

ఆ మాటన్నాక ఇంకేం మాట్లాడుతుంది పిచ్చిది! తీసేసింది. సాయంత్రం అడిగితే, "పెట్టేశాలే, ఇంటికెళ్ళు" అన్నాడు. పెట్టిందెక్కడ, నా మొహం! లింకు చేతులు మారి హెడ్ నర్సు దాకా పోయింది. వారం తిరక్కుండా ఏదో వంక పెట్టి పిన్నిని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆఫీసులో పంచాయితీ పెట్టారు. తాళం తీసినట్టు సైటు రికార్డులో ఉన్నది చిట్టి పేరే. అన్న లేచి నిలబడ్డాడు.

"కొత్తపిల్ల, తీసిన తాళం మళ్ళీ వేయడం మర్చిపోయింది. దాన్నేమీ అనకండి, కావాలంటే నన్ను తిట్టండి."

గొంతు కూడా బొంగురుపోయింది మహానుభావుడికి!

"అదేంటన్నా, తీయమంది నువ్వే కదా!" అంది చిట్టి. ఆయన పాపం అన్నట్టు చూశాడు. అంతే, గదిలో ఉన్న జాలంతా ఆయన వైపే పోయింది.

చిట్టి అక్కణ్ణించి తిన్నగా పిన్ని ఇంటికెళ్ళింది. లోకమంతా ఏమనుకున్నా ఫర్వాలేదు, పిన్ని నమ్మితే చాలు.

"పిన్నీ, నేను మర్చిపోలేదు. అన్నే తీయమన్నాడు."

పిన్ని ఉతికిన యూనిఫారాలు మడతపెడుతోంది. తలెత్తలేదు.

"ఆయన ఇందాకే ఫోన్ చేశాడే. నీ తరఫున క్షమించమని ఎంత బతిమాలాడో! పిల్లవి, పొరపాటు చేశావులే అని సరిపెట్టుకున్నాను. అబద్ధం కూడా ఆడతావనుకోలేదు."