వీపుకు కప్పిన దుప్పటి

మా పెళ్లికి ఆఫీసు స్నేహితులంతా కలిసి ఒక హ్యామక్ ఇచ్చారు. రెండు చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఊయల అది. మడిచి సంచిలో కుక్కితే చిన్న సొరకాయంత, విప్పి కడితే నిలువెత్తు మనిషి హాయిగా పడుకునేంత. మిక్సీల మధ్య, గోడ గడియారాల మధ్య అది వచ్చేసరికి ఏం చేయాలో తెలియక అందరూ ఒకసారి పట్టుకు చూసి పక్కన పెట్టారు. మా ఆయన మాత్రం పక్కన పెట్టలేదు.

ఆయనది బాన్సువాడ. ఊరి చివర ఇల్లు, ఇంటి వెనక నుంచే వరి, దాని అవతల చెరకు. నాది వర్ని దగ్గర క్యాంపు, అంటే వలస వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. తాతల కాలంలో కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. మా ఇంట్లో మాట ఇప్పటికీ అటువైపుదే. నేను మా ఆయన్ని "ఏవండీ" అని పిలిచినప్పుడల్లా వాళ్ల నాయనమ్మ పక్కకు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమెను అందరూ అవ్వ అంటారు. నేనూ అవ్వా అనే పిలవడం నేర్చుకున్నాను. అత్తయ్య, మామయ్య చిన్న కొడుకు దగ్గర నిజామాబాదులో ఉంటారు కాబట్టి ఆ ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే.

వరి కోతలు అయిపోయి, పొద్దున్నే నోట్లోంచి పొగలు వచ్చే రోజులు మొదలయ్యాక, ఒక శనివారం సాయంత్రం ఆయన హ్యామక్ తీసుకెళ్లి పొలంలో కాలువ పక్కన బోరు దగ్గరి రెండు వేప చెట్లకు కట్టారు. తనకు పక్కనే నవారు మంచం వేసుకున్నారు. ఊయల గౌరవం నాకు దక్కింది. కింద రెండు రగ్గులు పరిచి, పైన మందపాటి దుప్పటి కప్పి, చెవులకు మఫ్లర్ చుట్టి నన్ను అందులో పడుకోబెట్టారు. రాణీగారిలా ఊగుతూ, చుక్కలు చూస్తూ, ఇంతకంటే సుఖం లేదనుకుంటూ నిద్రలోకి జారాను.

తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి నా పళ్లు వాటంతట అవే టకటకమంటున్నాయి. పైన అంతా వెచ్చగానే ఉంది. వీపు మాత్రం నాది కాదు.

"ఏవండీ, నా వీపు ఉందో లేదో చూడండి," అన్నాను.

ఆయన మంచం మీద లేచి కూర్చుని, "ఉన్నది గని, గట్ల వణుకుతున్నవేంది? కింద రెండు రగ్గులు ఏసిన గదా," అన్నారు.

"ఉన్నాయి. ఉన్నా లేనట్టే ఉంది."

ఆయన వచ్చి ఊయల కింద చెయ్యి పెట్టి చూశారు. నా బరువుకు రగ్గులు అప్పడాల్లా అణిగిపోయి ఉన్నాయి. వాటి కింద పలుచటి గుడ్డ, గుడ్డ కింద ఖాళీ. పొలం మీది చలిగాలి ఆ ఖాళీలోంచి నా వీపును రాసుకుంటూ పోతోంది. నేలా లేదు, పరుపూ లేదు. గాలి మీద పడుకున్నాను నేను. ఆ సంగతి అర్థమయ్యాక నాకెందుకో ఆపలేనంత నవ్వు వచ్చింది. వణుకులో నవ్వు, నవ్వులో వణుకు. ఊయల ఊగిపోతుంటే ఆయన దాన్ని పట్టుకుని నిలబెట్టలేక తనూ నవ్వడం మొదలుపెట్టారు.

ఆ రోజే ఫోనులో వెతికితే తెలిసింది, ఈ బాధ ఊయలలో పడుకునే వాళ్లందరికీ ఉన్నదేనని. దీనికోసం అండర్‌క్విల్ట్ అని ఒకటి ఉంటుందట. అది మన కిందే ఉంటుంది కానీ మనం దాని మీద పడుకోం. ఊయలకు బయట, అడుగున వేలాడుతుంది. మన బరువు దాని మీద పడదు కాబట్టి లోపలి దూది పొంగి ఉంటుంది. ఆ పొంగులో నిలిచిన గాలే వెచ్చదనం ఇస్తుంది.

ఇదంతా అవ్వకు చెప్పాను. ఆమె తలకు నూనె రాసుకుంటూ విన్నది.

"తొట్టెలల పండేదే నవ్వులాట. ఇగ తొట్టెల కిందికి గూడ దుప్పటి కప్పుతరా," అంది. కాసేపు ఆలోచించి, "కొనుడెందుకు? నా బొంత గట్టుండ్రి," అంది.

అవ్వ బొంత అంటే మాటలు కాదు. పాత చీరలు వరసల మీద వరసలు పేర్చి కుట్టింది. ఇద్దరం పట్టుకుంటే గానీ పైకి లేవదు. దాని నాలుగు మూలలకు తాళ్లు కట్టి, మరుసటి శనివారం ఊయల కింద వేలాడదీశాం. నడుము దగ్గర అది పాలిచ్చే గేదె పొదుగులా కిందికి జారింది. నేను ఎక్కి పడుకున్నాక వీపుకూ బొంతకూ మధ్య ఒక మేకపిల్ల దూరేంత సందు. ఆయన తాళ్లు బిగించారు. అప్పుడు కాస్త వెచ్చగానే అనిపించింది. అవ్వ గెలిచిందనే అనుకున్నాం. కానీ తెల్లారేలోపు మంచు కురిసి, బొంత ఆ తడినంతా తాగింది. తాగి తాగి బరువెక్కి, తాళ్లు తెంపుకుని దబ్బున నేల మీద పడింది. ఆ చప్పుడుకు చుట్టుపక్కల కుక్కలన్నీ లేచాయి. ఆయన కూడా నిద్రలోంచి లేచి, పడింది నేననుకుని చీకట్లో బొంతను కావలించుకుని, "దెబ్బ తాకిందా?" అని దాన్నే అడిగారు. పైనుంచి నేను, "నాకేం కాలేదండీ," అనేసరికి ఆయనకు గుండె ఆగినంత పనైంది.

ఇక కొనక తప్పదని తేలింది. ఆ వారమంతా నేను ఆఫీసు నుంచి రావడం ఆలస్యం, భోజనాల దగ్గర అదే మాట. వాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి బాతు నూగుతో కూరింది, ఇంకొకటి మిల్లులో తయారైన దారాల దూదితో కూరింది. ఆయనకు బాతుది కావాలి. అరచేతిలో పట్టేంత చిన్నగా మడుచుకుంటుందట, బరువే ఉండదట.

"మనం కొండలెక్కుతున్నామా ఏంటి? బోరు దాకా బండి మీద వెళతాం. బరువుతో పనేముంది?" అన్నాను. "మనకు శత్రువు తడి. కాలువ పక్కన మంచు ఎలా కురుస్తుందో బొంత చెప్పింది కదా. నూగు తడిస్తే ముద్దయిపోతుంది. దారాల దూది తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది."

అవ్వ అన్నం కలుపుతూ తలెత్తింది. "మరి బాతులు దినమంత నీళ్లల్లనే ఉంటయి గదా. వాటికి సలి వెట్టదా?"

"చూసినవా, అవ్వ నా దిక్కే," అన్నారు ఆయన.

నేను ఆ రాత్రి బాతుల గురించి చదవాల్సి వచ్చింది. చదివి, మర్నాడు అన్నాల దగ్గర చెప్పాను. "బాతు పై ఈకల మీద నూనె ఉంటుంది అవ్వా. నీళ్లు జారిపోతాయి. లోపలి నూగు తడవదు. వీళ్లు కూరేది ఆ లోపలి నూగు ఒక్కటే."

"అట్ల చెప్పు. ఇగ నీ దిక్కే నేను," అంది అవ్వ. ఆమెకు పక్షం మారడం నీళ్లు తాగినంత తేలిక.

తర్వాత పొడవు. మెడ నుంచి మోకాళ్ల దాకా వచ్చే పొట్టి రకం ఒకటి, మడమల దాకా వచ్చేది ఒకటి. అవ్వ చెరకు గడ తెచ్చి, నన్ను నేల మీద పడుకోబెట్టి మెడ నుంచి మోకాలి దాకా కొలిచి, గోటితో గుర్తు పెట్టింది. అదే గడతో ఆయన్ని కొలిస్తే ఆ గుర్తు తొడ దగ్గరే ఆగిపోయింది. ఆయన తాటిచెట్టు, నేను దాని పక్కన మొలక. ఇద్దరికీ సరిపోవాలంటే పొడుగుదే కావాలని ఒప్పుకున్నాం. కొలత అయిపోయాక ఆ గడను ముగ్గురం నమిలేశాం.

ఎంత చలికి పనికొస్తుందో చెప్పే అంకె ఒకటి ప్రతిదాని మీదా ఉంటుంది. మంచు గడ్డకట్టే దేశాల అంకెలు చూసి ఆయన ఉబలాటపడ్డారు. అంత మందం కొంటే బాన్సువాడలో ఉడికిపోతామని ఆపాను. మరీ పలచనిదీ వద్దనుకున్నాం. వాడినవాళ్లు రాసింది చదివితే, చాలాసార్లు ఆ అంకె దగ్గర మనిషి ప్రాణాలతో ఉంటాడే గానీ హాయిగా నిద్రపోడట. అందుకని మా చలి కంటే కాస్త ఎక్కువ చలిని తట్టుకునేది చూశాం. రంగు దగ్గర మాత్రం మిగతా అన్నిటికంటే ఎక్కువ గొడవైంది. చివరికి అవ్వ తెర మీద వేలు పెట్టి పసుపు రంగు తేల్చింది. "మబ్బుల లేచినా కానస్తది," అంది. మబ్బుల అంటే ఆమె లెక్కలో తెల్లవారుజామున.

వచ్చిన రోజు వసారాలో విప్పాం. సంచిలోంచి తీసినప్పుడు అది ఎండిన కాకరకాయలా ముడుచుకుని ఉంది. మోసపోయామా అన్నట్టు ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. అంతలో అది నెమ్మదిగా పొంగడం మొదలైంది. పూరీ పొంగినట్టు కాదు, పిండి పులిసినట్టు. టీలు తాగుతూ దాని చుట్టూ కూర్చుని చూశాం. అవ్వ మధ్యమధ్య వేలితో నొక్కి, లేస్తుందో లేదో చూసి తృప్తిపడేది.

అదే సాయంత్రం మిద్దె మీద, మెట్ల గది స్తంభానికీ ట్యాంకు దిమ్మెకూ ఊయల కట్టాం. కింద పసుపు క్విల్టును సాగే తాళ్లతో తగిలించాం. నేను ఎక్కి పడుకున్నాను. ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని, ఊయల కిందికి పాక్కుంటూ వచ్చి, అరచేత్తో పైకి నొక్కుతూ అడిగారు.

"ఈడ గాలి తాకుతుందా?"

"కొంచెం."

"ఈడ?"

"అక్కడ కితకితలు."

వదులైతే సందులోంచి గాలి దూరుతుంది, బిగిస్తే దూది అణిగిపోతుంది. ఆ రెంటికీ మధ్య ఒకచోట అది వచ్చి వీపును ఒత్తకుండా తాకుతుంది. అది దొరికే లోపల నేను నవ్వి నవ్వి రెండుసార్లు ఊయలలోంచి జారబోయాను. చివరి ముడి బిగిశాక కాసేపు ఏమీ తెలియలేదు. ఆ తర్వాత వెచ్చదనం మెల్లగా వచ్చింది, అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కున్నట్టు. నేను మాట్లాడటం మానేశాను. ఆయన కింద నుంచి, "ఉన్నవా?" అని అడిగారు.

"నన్ను కూడ ఎక్కించుండ్రి," అంది అవ్వ.

ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగింది. కళ్లు మూసుకుంది. దిగమంటే దిగలేదు. కిందికి అన్నానికి కూడా రాలేదు. పళ్లెం పైకి తెచ్చి ఇస్తే ఊయలలో కాళ్లు వేలాడేసి కూర్చుని తిన్నది. తింటూ తింటూ, "మీరు నిజాంసాగర్ దిక్కు ఎప్పుడు వోతరు?" అంది. మేం వెళతామని ఆమెతో ఎవరూ అనలేదు. అది మా ఇద్దరి మధ్యే అనుకున్న మాట.

"నేను గూడ వస్త. మీకు రొట్టెలెవరు చేస్తరు మరి," అంది.

అలా సంక్రాంతి చలి ఇంకా తగ్గకముందే ఒక ఆదివారం మధ్యాహ్నం పాత కారులో ముగ్గురం నిజాంసాగర్ ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ల దగ్గరికి వెళ్లాం, సోమవారం పొద్దున్నే ఆఫీసు వేళకు తిరిగి రావాలని. ఒడ్డు పైన ఎవరో తెలిసినవాళ్ల చేను, చేను గట్టున రెండు కానుగ చెట్లు. మా ఆయన ఊయల కట్టారు, నేను క్విల్టు సరిచూశాను, అవ్వ మూడు రాళ్ల పొయ్యి మీద జొన్న రొట్టెలు చేసింది. చీకటి పడగానే నీళ్ల మీది నుంచి చలి నడిచి వచ్చినట్టు వచ్చింది. "జరంత సేపు కూసుంట," అని అవ్వ ఊయల ఎక్కింది. మేం గిన్నెలు కడిగి వచ్చేసరికి గురక.

లేపడానికి ఇద్దరికీ మనసు రాలేదు. ఇంత వెతికి, ఇంత కొలిచి, ఇంత కొట్లాడి కొన్న వెచ్చదనం పక్కన మేం బొంత చుట్టుకుని మంట దగ్గర కూర్చున్నాం. మేం నవ్వు ఆపుకోవడానికి బొంత అంచు నోట్లో కుక్కుకున్నాం. ఆయన ముక్కు చివర ఎర్రగా ఉంది. పెళ్లయ్యాక ఆయనతో అంతసేపు ఊరికే కూర్చున్నది అదే మొదలు. ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు గానీ, మాట ఆగలేదు.

తెల్లవారుతుండగా అవ్వ లేచింది. జుట్టు ముడి వేసుకుంటూ మా ఇద్దర్నీ చూసింది.

"ఇద్దరు ఈడనే కూసున్నరా పిచ్చోళ్ల లెక్క?" అంది. ఆ వెంటనే, "నా వీపు ఏడున్నదో గూడ తెల్వలేదు బిడ్డా. ఇన్నేండ్ల సంది గిట్ల పండలే. పో, నువ్వు ఎక్కు. వేడి పోకముందే పో," అంది.

నేను ఎక్కాను. ఆమె వదిలిన వేడి ఇంకా అందులో ఉంది. కింద పసుపు పొంగు, పైన దుప్పటి. దూరంగా అవ్వా ఆయనా టీకి పుల్లలు విరుస్తూ ఏదో అనుకుంటున్నారు, చేపల వేటకు వెళ్లే పడవ ఒకటి నీళ్లను కోస్తూ పోతోంది. అంతే తెలుసు. కళ్లు తెరిచేసరికి ఎండ నా మొహం మీద ఉంది, బట్టలు చెమటతో తడిసి ఉన్నాయి, ఆఫీసు మొదలైపోయి ఉంది.

ఫోను చేశాను. ఆలస్యమెందుకైందని పైఅధికారి అడిగారు.

"నిద్రపోయాను సార్," అన్నాను. వేరే కారణం ఏదీ తోచలేదు. అటువైపు పైఅధికారి నవ్వేశారు. సెలవు రాసుకోమన్నారు. అవ్వ మిగిలిన రొట్టె మీద ఉల్లిగడ్డ కారం వేసి నా చేతిలో పెట్టింది, ముగ్గురం ఎండలో కూర్చుని తిన్నాం.