బోర్డు మీది మూడు గంటలు

పార్కులో అందరూ ఆయన్ని జాగ్రత్తయ్య అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. లోయ అంచున రాతిగోడల సమాచార కేంద్రంలో, కౌంటరు వెనక, అద్దం బిగించిన పెద్ద పటం పక్కన, పొద్దున్న ఆరింటి నుంచి నిలబడి ఉంటాడు. ఎవరు ఏ దారిన లోయలోకి నడవాలో చెప్పడం ఆయన ఉద్యోగం. చెప్పి ఊరుకుంటాడా అంటే, లేదు. పోలీసు స్టేషన్లో కూడా అన్ని ప్రశ్నలు వెయ్యరు.

"నీళ్ళెన్ని తెచ్చుకున్నారు?"

"ఒక సీసా అండీ."

"ఒక సీసాతో మొహం కడుక్కోవచ్చు. మనిషికి నాలుగు లీటర్లుంటేనే కిందికి. ఏవీ, ఆ చెప్పులు చూడనివ్వండి. వీటితో అంచు బాట చాలు."

అక్కడ దారులు మూడు. అంచు బాట చదునుగా, చెట్ల నీడలో, బెంచీలతో సాగుతుంది. చీలిక బాట రెండు బండల మధ్య ఇరుకు సందు. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువన ఎక్కడో వాన పడితే చాలు, ఆ సందులోకి నిలువెత్తు నీళ్ళొస్తాయి. అందుకే ఎగువన మబ్బు కనబడగానే జాగ్రత్తయ్య ఎవరినీ అడక్కుండా గొలుసు వేసేస్తాడు. మూడోది నది బాట. లోయ అడుగుదాకా దిగి, నది చూసి, మళ్ళీ ఎక్కిరావాలి. కొండెక్కేవాణ్ణి అలుపే వెనక్కి తిప్పుతుంది. లోయ సంగతి అలా కాదు. దిగేటప్పుడు కాళ్ళు వాటంతటవే పోతాయి. ఎక్కాల్సిందంతా ఎండ నడినెత్తికొచ్చాక మిగులుతుంది.

నది బాట మొదట్లో ఆకుపచ్చ బోర్డు మీద పసుపు అక్షరాలతో రాసి ఉంటుంది: రానూపోనూ మూడు గంటలు. జాగ్రత్తయ్య మాత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే మాట చెబుతాడు. "అది మూడంటుంది. మీరు ఆరనుకోండి."

జనం నవ్వి వెళ్ళిపోతారు. కిందటేడు కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ, కూతురు వయసుది, ఆయన్ని గదిలోకి పిలిచి నెమ్మదిగానే మందలించింది. "బోర్డు ఒకటి చెప్పి, మీరొకటి చెబితే మనల్నెవరు నమ్ముతారండీ? మనిషికి భయం ఉండొచ్చుగానీ ఇంత పనికిరాదు." ఆయన తలూపి బయటికొచ్చాడు. పుట్టు పిరికి అని తోటివాళ్ళ తీర్మానం. ఇంట్లో భార్య కూడా అంతే. "మా ఆయన స్నానానికి వెళ్ళినా బకెట్ లోతు కనుక్కుని వెళ్తారు" అంటుంది.

పిరికితనం కాదది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడి బాధ. ఆ మూడు గంటలు జాగ్రత్తయ్యవే.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట నది బాట కొత్తగా చెక్కారు. అప్పటికి ఆయనకి ఇరవై నాలుగేళ్ళు, రోజుకూలీ. బోర్డు రాయించాలి, నలుగురు మనుషులు విడివిడిగా నడిచి ఎవరి సమయం వాళ్ళు కాగితం మీద రాసుకు రండి, సగటు తీద్దాం అన్నాడు అప్పటి ఆఫీసరు. పద్ధతి మంచిదే. పంపించిన నలుగురిలో ముగ్గురు మొదటి మలుపు దగ్గర బండ నీడన చతికిలబడి పేకాట వేశారు. నడిచింది ఈయనొక్కడే. చలికాలం పొద్దు, వీపున బరువు లేదు, నది మొహం సరిగా చూడలేదు. పైగా చురుగ్గా ఉన్నవాణ్ణి పర్మనెంటు చేస్తారని ఎవరో చెవిలో వేశారు. అందుకని చివరి నాలుగు మలుపులూ పరిగెత్తాడు. పైకొచ్చేసరికి మూడు గంటలు. పేకాటరాయుళ్ళు ఆ కాగితం చూసి తమవాటి మీదా అదే ఎక్కించారు. నాలుగు మూళ్ళకి సగటు తీస్తే మూడు రాక ముప్పై వస్తుందా? మర్నాటికి బోర్డు, నెలకి పటం, ఏడాదికి టిక్కెట్టు వెనక అచ్చు. ఆయన ఉద్యోగం పర్మనెంటైంది.

చెప్పొచ్చు కదా అంటారు మీరు. ఆయనా ప్రతి ఏడాదీ అదే అనుకున్నాడు. మొదటి ఏడాది చెబితే ఉద్యోగం పోతుందని భయం. పదో ఏడాది చెబితే, ఇన్నాళ్ళేం చేశావంటారని భయం. ఆ తర్వాత ఇంకో సంగతి జరిగింది. దాని దగ్గరికి ఆయన మనసు కూడా పోదు. పేకాట వేసినవాళ్ళలో ఒకాయన కాలం చేశాడు, ఇద్దరు రిటైరై వెళ్ళిపోయారు. నిజం ఒక్క కడుపులోనే మిగిలింది. కడుపులో ఉన్నది ఊరుకోదు గనక కౌంటరు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాడినీ నీళ్ళెన్నని వేధిస్తూ బతికాడు.

ఈ వేసవిలో కూతురి అత్తమామలు రెండు రోజులు ఉండి వెళ్దామని వచ్చారు. వియ్యంకుడుగారు రిటైరైన లెక్కల మాస్టారు. అరవై నాలుగేళ్ళు. రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తారు, ఆ మాట రోజూ పదిసార్లు చెబుతారు. మర్నాడు డ్యూటీకి వెళ్ళేముందు కాఫీ దగ్గర జాగ్రత్తయ్య, "బావగారూ, మీకు అంచు బాట హాయిగా ఉంటుంది, బెంచీలున్నాయి" అన్నాడు. బెంచీలన్న మాట మాస్టారికి గుచ్చుకుంది. పైకేమీ అనకుండా, "అలాగే చూద్దాం లెండి" అన్నారు.

పదకొండున్నరకి కౌంటరు మీద ఫోను మోగింది. భార్య.

"ఏవండీ, అన్నయ్యగారు మీ దగ్గరున్నారా? ఎనిమిదికి టోపీ పెట్టుకుని వెళ్ళారు. పదకొండుంబావుకి ఇంట్లో ఉంటానన్నారట. వదిన కంగారు పడుతోంది."

జాగ్రత్తయ్య ఎనిమిదికి మూడు కలిపాడు. పదకొండుంబావు అనేది అంచు బాట నడిచేవాడు చెప్పే సమయం కాదు. ఫోను పెట్టకుండానే గేటు దగ్గరికి పరిగెత్తి రిజిస్టరు తిప్పాడు. చేయి తిరిగిన అక్షరాలతో, గీత గీసినట్టు రాసి ఉంది: 'నది బాట. బయలుదేరిన సమయం 8.10. తిరిగి వచ్చు సమయం 11.10. నీరు ఒకటిన్నర లీటరు.' గంటకి అర లీటరు చొప్పున మూడు గంటలకి ఒకటిన్నర. మాస్టారి లెక్కలో తప్పేం లేదు. ఎనిమిదింటికి తానెక్కడున్నాడు? రెండు బస్సుల జనానికి బూట్ల గురించి పాఠం చెబుతున్నాడు. ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పి ఇంట్లో మనిషిని వదిలేశాడు.

లోయ అడుగున ఉన్న ఉష్ణమాపకం అంకెలు గంటగంటకీ రేడియోలో వస్తాయి. అప్పుడే చెప్పారు, నలభై మూడు. రక్షక బృందం చీలిక బాటలో కాలు విరిగిన అమ్మాయి దగ్గర ఉంది, రావడానికి రెండు గంటలు పడుతుందట. ఆఫీసరమ్మ ఆయన మొహం చూసింది. "మీరు వెళ్తారా? మీ మోకాలి నొప్పి?" అంది. ఆయన అప్పటికే సంచిలో ఆరు లీటర్ల నీళ్ళు, ఉప్పు పొట్లాలు, తువ్వాళ్ళు కుక్కుతున్నాడు.

దిగుతుంటే కాళ్ళకంటే మనసు ముందు పోయింది. ఎదురొచ్చిన ప్రతివాళ్ళనీ అడిగాడు. "తెల్లటోపీ, కళ్ళజోడు, పెద్దాయన, కనిపించారా?" మొదటి ఇద్దరూ లేదన్నారు. మూడో జంట ఆగింది.

"చూశామండీ. కింద కూర్చుని ఉన్నారు. నీళ్ళు కావాలా అంటే చెయ్యి ఊపారు. బాగానే ఉన్నారనుకున్నాం."

"మాట్లాడారా?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "మాట్లాడలేదు."

ఆ మాట విన్నాక జాగ్రత్తయ్యకి ఎండా తెలియలేదు, మోకాలూ తెలియలేదు. ఐదో మలుపు, ఆరో మలుపు. ప్రతి మలుపు దగ్గరా, తిరిగితే ఏం కనబడుతుందో అని ఒక్క క్షణం కాలు ఆగేది. కూతురికి ఏమని ఫోను చెయ్యాలి? మీ మామగారు నేను రాసిన అంకె నమ్మి దిగారమ్మా అనా?

తొమ్మిదో మలుపులో, నీడ పిసరంత కూడా లేని చోట, మాస్టారు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. ఒక బూటు విప్పేసి ఉంది. ఒంటి మీద చెమట లేదు. అదే మంచి గుర్తు కాదు. చేతిలో గులకరాయితో బండ మీద ఏవో అంకెలు గీస్తున్నారు.

"బావగారూ" అన్నారు తలెత్తి, నాలుక తడబడుతూ. "లెక్క ఎక్కడ తప్పిందో అందట్లేదండీ."

జాగ్రత్తయ్య ఆయన్ని చంకల కింద పట్టుకుని పది గజాల అవతల ఉన్న, చూరులా ముందుకొచ్చిన బండ కిందికి లాగాడు. చొక్కా, తల, మెడ నీళ్ళతో తడిపాడు. తువ్వాలుతో విసిరాడు. ఉప్పు కలిపిన నీళ్ళు గుక్కెడు పట్టించి ఆపాడు, మళ్ళీ గుక్కెడు. మొదటి రెండు గుక్కలూ కక్కేశారు. మూడోది నిలిచింది. అరగంటకి మాస్టారి కళ్ళు ఒకచోట నిలబడ్డాయి. తన బూటు తానే అడిగి వేసుకున్నారు. అది చూశాక జాగ్రత్తయ్య వీపు బండకి ఆన్చి, నడుముకున్న చేతి రేడియోలో "దొరికారు, తెలివిలోనే ఉన్నారు, ఎండ తిరిగాక పైకి తెస్తాను" అని చెప్పాడు.

మూడున్నరకి గానీ నీడ బాట మీదికి రాదు. అప్పటిదాకా ఇద్దరూ ఆ చూరు కిందే కూర్చున్నారు. చాలాసేపటికి మాస్టారు తలవంచుకుని అన్నారు.

"అబ్బాయికీ, కోడలికీ చెప్పకండి బావగారూ. మూడు గంటల దారి. దిగడానికే రెండు పట్టింది. ముసలాణ్ణయిపోయాను, ఒప్పుకోలేకపోయాను. రోజూ ఐదు కిలోమీటర్లని గొప్పలు పోయాను. తప్పు నాలోనే ఉంది."

ఇక్కడ ఊరుకుంటే సరిపోయేది. వియ్యంకుడు కృతజ్ఞత చూపిస్తున్నాడు, రహస్యం దాచమని బతిమాలుతున్నాడు, పైకెళ్తే భార్య దేవుణ్ణి చూసినట్టు చూస్తుంది. జాగ్రత్తయ్య ఊరుకోలేకపోయాడు. బండ మీద కూర్చుని అంకెలు గీసుకున్న ఆ మనిషి, తన ఒంటినే తప్పుపట్టుకుంటుంటే చూడలేకపోయాడు.

"మీ లెక్క సరైందే బావగారూ. బోర్డు తప్పు. అది నేను రాసింది." చలికాలం, పరుగు, పేకాట, నాలుగు కాగితాలు, పర్మనెంటు ఉద్యోగం, అన్నీ చెప్పాడు. "నేను ఆరు గంటలని నోటితో చెబుతూనే ఉన్నాను. బోర్డు మార్చమని మాత్రం అడగలేదు. అడిగితే ఎందుకంటారు కదా."

మాస్టారు, తరగతిలో పిల్లాణ్ణి అడిగినట్టు, ఒకటే ప్రశ్న అడిగారు.

"ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరైనా పోయారా?"

జాగ్రత్తయ్య నదివైపు చూశాడు.

"ఒకాయన. పదకొండేళ్ళయింది. దర్జీ. భార్యతో సెలవులకొచ్చాడు. ఆవిడ పైనే ఉండిపోయింది, ఆయన మూడు గంటల్లో వచ్చేస్తానని దిగాడు. స్ట్రెచరు ముందు కొమ్ము నేనే పట్టుకున్నాను. విచారణలో 'స్వయం అజాగ్రత్త, చాలినన్ని నీళ్ళు తీసుకువెళ్ళలేదు' అని రాశారు. ఆవిడ మా అందరి దగ్గరికీ వచ్చి, మా ఆయన వల్ల మీకింత శ్రమ, క్షమించండి బాబూ అంది. నా చేతులు కూడా పట్టుకుంది."

మాస్టారు వంగి బూటు తాళ్ళు బిగించుకున్నారు.

నీడ తిరిగాక లేచారు. మాస్టారు ఆయన భుజం పట్టుకోకుండానే ఎనిమిదో మలుపుదాకా ఎక్కారు. గోడ పట్టుకుని, ఆగి, మళ్ళీ ఎక్కారు. దారి నిటారైన చోట ఇక కాళ్ళు లేవలేదు. చెయ్యి వచ్చి జాగ్రత్తయ్య భుజం మీద పడింది. అలా మూడు గంటలు ఎక్కారు. ఒక్క మాట లేదు. జాగ్రత్తయ్యకి తిడితే బాగుండుననిపించింది. తిట్టే హక్కు ఆయనకుంది, ఇంకా ఎక్కువ హక్కున్న మనిషి వేరే ఉంది.

పైన ఆడవాళ్ళిద్దరూ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. వియ్యపురాలు కళ్ళు తుడుచుకుంటూ, "అన్నయ్యగారూ, మీరు లేకపోతే మా గతేంటి" అంది. జాగ్రత్తయ్య మాస్టారివైపు చూశాడు. మాస్టారు చెప్పలేదు. "నీళ్ళు తెచ్చింది ఆయనే" అన్నారు, అంతే. మిగతాది ఎవరు చెప్పాలో వాళ్ళకే వదిలేశారు.

ఆఫీసరమ్మ డాక్టరుని పిలిపించి, మాస్టారిని చూపించి, వెనక్కి తిరిగేసరికి జాగ్రత్తయ్య ఆవిడ గది గుమ్మంలో ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మొత్తం నిలబడే చెప్పాడు. ఆవిడ మొహంలో రంగులు మారాయి. ముందు నమ్మలేదు, తర్వాత కోపం వచ్చింది, తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"రోజూ చెబుదామనే అనుకున్నానమ్మా."

"ఇది రాసిస్తే మీ ఉద్యోగం ఏమవుతుందో నేను చెప్పలేను."

"రాసిస్తాను. బోర్డుకి ఇప్పుడే గోనెపట్టా కప్పించండి. ఆ దర్జీగారి ఫైల్లో వాళ్ళింటి అడ్రసు ఉంటుంది. అది నాకు కావాలి."

ఆవిడ లేచి బీరువా తెరిచింది. ఫైలు పల్చగా ఉంది. అడ్రసు మొదటి కాగితంలోనే దొరికింది. జాగ్రత్తయ్య కౌంటరు దగ్గరికి వెళ్ళి, బూట్ల మట్టి కూడా దులుపుకోకుండా, తెల్లకాగితం ముందు పెట్టుకున్నాడు. రెండు కాగితాలు పాడయ్యాయి. మూడోదాని మీద మర్యాదలేమీ లేకుండా రాశాడు.

'అమ్మా, పదకొండేళ్ళ కిందట లోయ దగ్గర మీరు నా చేతులు పట్టుకుని క్షమించమన్నారు. మీ వారి తప్పేమీ లేదు. ఆయన బోర్డు చదివి, నమ్మి దిగారు. ఆ బోర్డు మీది అంకె నాది. అది తప్పని నాకు ఆ రోజే తెలుసు.'