ఖాళీగా వదిలేసిన రెండో జాబితా

మా పక్కింటి అంకుల్ పోయారని మంగళవారం పొద్దున డ్యూటీలో ఉండగా తెలిసింది. ఆంటీ ఫోన్ చేసి, "నిద్రలోనే పోయారమ్మా" అని మాత్రం అంది. వృద్ధుల కేర్ హోంలో పనిచేస్తూ ఎన్నో మరణాలు చూసినదాన్ని, ఆ రోజు బీపీ చూడటానికి కూడా చేతులు ఆడలేదు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. మా అమ్మాయి చదువు సంగతి ఇక ఎవరిని అడగాలి?

ఆయన బందరులో పాలిటెక్నిక్ డిప్లొమా చేశారు. ఈ దేశం వచ్చి షానన్ ఎయిర్‌పోర్టులో విమానాల మరమ్మతు పనిలో చాలా ఏళ్ళుండి, రిటైరయ్యాక ఈ కార్లో ఊళ్ళో మా పక్కింటికి వచ్చారు. వాషింగ్ మెషిన్ ఆగిపోతే ఆయన్నే పిలిచేదాన్ని. వచ్చీ రాగానే దాన్ని ముట్టుకునేవారు కాదు. ఒకసారి ఆన్ చేయించి, చెవి ఆనించి, కళ్ళు మూసుకునేవారు. "ముందు వినాలమ్మాయ్, తర్వాతే విప్పాలి" అనేవారు. విప్పిన మరలన్నీ కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టేవారు. మా అమ్మాయి టార్చి పట్టుకుని పక్కనే కూర్చునేది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో బదులిచ్చే పిల్ల, ఆయనతో మాత్రం వచ్చీ రాని తెలుగులో కబుర్లు చెప్పేది.

ఇక్కడ కాలేజీ దరఖాస్తులో రెండు జాబితాలుంటాయి. మొదటిది లెవెల్ ఎయిట్, అంటే ఇంజనీరింగ్ ఆనర్స్ డిగ్రీలు. రెండోది లెవెల్ సెవెన్, చేతిపని ఎక్కువగా ఉండే ఇంజనీరింగ్ టెక్నాలజీ డిగ్రీలు అందులో ఉంటాయి. నేను మొదటిది నింపించి రెండోది ఖాళీగా వదిలేయించాను. కిందిది రాస్తే పైది ఇవ్వరేమోనని అనుమానం. చర్చిలో ఎవరైనా అడిగితే మా అమ్మాయి ఇంజనీరింగ్ అని చెప్పుకోవాలన్న ఆశ కూడా ఉంది, దాచడం దేనికి.

ఒకరోజు టీ తాగుతూ అంకుల్ అన్నారు, "రెండూ వేరువేరుగా చూస్తారమ్మాయ్. దానికీ దీనికీ లంకె లేదు. అదీ నింపించు."

"అది చదివితే మీలాగే..." అని ఆగిపోయాను.

ఆయన నొచ్చుకోలేదు. "నిజవే. నేను పని నేర్పిన కుర్రాళ్ళే నాకు బాసులయ్యారు. కొన్ని ఉద్యోగాలకి ఆ పై డిగ్రీ ఉండాల్సిందే. కానీ ఇది పాసయ్యాక ఇంకో ఏడాది చదివి అదీ తెచ్చుకోవచ్చు. పిల్లకేది వస్తుందో చూడు. మనకేది గొప్పో కాదు."

డిప్లొమా మనిషి, అలాగే చెప్తారులే అనుకున్నాను. ఇప్పుడు సిగ్గేస్తోంది. ఆ తర్వాత కూడా రెండుసార్లు, "నింపించావా?" అని అడిగారు. ఎందుకంత పట్టుదలో నాకు తట్టలేదు.

అంత్యక్రియలైన సాయంత్రం మా అమ్మాయి వంటగదిలో నా వెనక వచ్చి నిలబడింది.

"అమ్మా, నేను ఆర్డినరీ మ్యాథ్స్ పేపర్ రాశాను. హయ్యర్ కాదు. అంకుల్‌కి తెలుసు."

స్టవ్ కట్టేసి దాని వైపు తిరిగాను. స్కూలు చివరి పరీక్షల్లో ఆ కష్టమైన హయ్యర్ లెక్కల పేపరు రాయకపోతే, నేను పెట్టించిన కోర్సుల్లో ఒక్కటీ రాదు. ఆర్డినరీతో సీటొచ్చే రెండో జాబితా ఏమో ఖాళీ. మార్చుకోవడానికి గడువు మర్నాటి సాయంత్రం వరకే.

"ఆయనైనా నాకు చెప్పలేదేమే?"

"నేనే చెప్పాలన్నారు. అమ్మ అరిచినా సరే, నువ్వే చెప్పు అన్నారు. ఐ ప్రామిస్డ్ హిమ్."

నేను అరవలేదు. దాని రహస్యం బయటపెట్టకుండానే దాన్ని గట్టెక్కించాలని ఆయన ఎంత ఆరాటపడ్డారో అప్పుడు తెలిసింది. థాంక్స్ చెప్పడానికి ఆ మనిషి లేరు.

ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. "ఏది ముందు పెడదాం?" అని అడిగాను. దాన్ని అలా అడగడం అదే మొదలు. తడుముకోకుండా ఒక్కో కోర్సూ చెప్పింది, కోడ్‌లతో సహా. ఎన్నాళ్ళ నుంచి మనసులో పెట్టుకుని తిరుగుతోందో. సేవ్ నొక్కాక తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది. మా అమ్మాయి నా చేయి పట్టుకుంది. దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఇద్దరం ఆ చక్రం వంకే చూస్తూ కూర్చున్నాం.