కొక్కేనికి బరువుండగా

పోయిన ఆదివారం మా అక్క గాజువాక నుంచి ఫోను చేసి, అద్దె ఇల్లు ఖాళీ చేసి పెందుర్తిలో కూతురి ఇంటికి దగ్గరగా చిన్న పోర్షన్‌లోకి మారుతున్నానని, ముందు గదిలో ఉన్న బావ కుర్చీ అక్కడ పట్టదని, వచ్చి తీసుకుపొమ్మని చెప్పింది. పాత ఇనపసామాన్ల కొట్లో దొరికిన కారు సీటుకి బావ దగ్గరుండి ఇనప చట్రం వెల్డింగు చేయించి, ముందు స్టీరింగూ కింద పెడళ్ళూ బిగించి, ఎదురుగా పెద్ద టీవీ అమర్చుకున్న కుర్చీ అది. బావ పోయి నాలుగేళ్ళవుతున్నా అక్క దాన్ని దుప్పటి కప్పి అలాగే ఉంచింది. నేను వెళ్ళేసరికి దుప్పటి తీసి, శుభ్రంగా తుడిచి, పక్కనే ఒక తలగడ కూడా పెట్టి ఉంచింది. ఆ తలగడని ఒళ్ళో పెట్టుకుని కాసేపు అక్కడే కూర్చున్నాను. అరవై దాటిన ఇద్దరు ముసలాళ్ళు కంప్యూటర్లో కారు పందేలు ఆడారంటే నా ఈడువాళ్ళు నవ్వుతారేమో. నవ్వండి, మేమూ బాగానే నవ్వుకున్నాం.

మా ఇద్దరిదీ హార్బర్లో క్రేను ఉద్యోగం. నాకంటే ఎనిమిదేళ్ళు ముందు చేరిన బావే నాకు పని నేర్పాడు, అక్కని చేసుకున్నదీ ఆ తర్వాతే. అప్పట్లో షిఫ్టు మారేటప్పుడు మా క్రేన్ల మీద ఒక పద్ధతి ఉండేది. డ్యూటీకి వచ్చినవాడు నిచ్చెన మెట్లన్నీ ఎక్కి క్యాబిన్‌లోకి వచ్చి, కూర్చున్నవాడి వెనక నిలబడి, వచ్చానని ఒక్క మాట చెప్పి ఊరుకోవాలి. కూర్చున్నవాడు కొక్కేనికి ఉన్న బరువు కిందకి దింపి, బ్రేకు ఎలా పడుతోందో గాలి ఎటు కొడుతోందో చెప్పి, తనంతట తను లేచేవరకూ రెండోవాడు లీవరు ముట్టుకోకూడదు. చేరిన కొత్తలో ఒకసారి, పాపం పొద్దుటినుంచీ కూర్చున్నాడు కదా అని నేను తొందరపడి చెయ్యి చాపితే, ఆ చేతి మీద ఫట్‌మని ఒక్కటిచ్చి, "కొక్కేనికి బరువుండగా ఇంకొకడి సెయ్యి ఆడకూడదురా. నాను లెగిసినాకే నువ్వు" అన్నాడు. ఇంకో నియమమూ బావదే. క్యాబిన్‌లో ఎవరితోనూ వాదన పెట్టుకోకూడదు, కింద మనుషులుంటారు.

అంతటి మనిషికి ఉద్యోగం ఆఖరి రోజుల్లో, వాళ్ళ ఊరివైపు చాలామందికి వచ్చే కిడ్నీ జబ్బే వచ్చింది. క్రేను ఎక్కొద్దని డాక్టరు చెప్పడంతో కింద ఆఫీసులో కూర్చోబెట్టారు. అలా ఒకనాడు దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు. ఆఖరి బరువు ఏనాడు దింపానో నాకే తెలీదురా అని తరచు అనేవాడు. రిటైరయ్యాక వారానికి మూడు డయాలసిస్‌లూ, మిగతా రోజులు మంచమూ. కరోనా రోజుల్లో ఫోనులో ఎక్కడో చూశాడట, ఇంట్లోనే కూర్చుని దేశదేశాలవాళ్ళతో కలిసి గంటల తరబడి కారు నడిపే పందేలు ఉంటాయని, మనలాంటి సరదాగాళ్ళకీ క్లబ్బులున్నాయని. వెంటనే నాకు ఫోను చేశాడు. "కూసుని సేసే పనే కదరా బావా, మనకి తెలీనిదేటి?" అన్నాడు.

ఆరు గంటల పందెం. ఒక కారుని ఇద్దరు వంతులవారీగా నడపాలి. పెట్రోలుకీ టైర్లకీ ఆగినప్పుడే మనిషి మారాలి. ఒకే ఇంటివాళ్ళయితే ఒకే కుర్చీలో మారవచ్చని మా క్లబ్బువాళ్ళు ఒప్పుకున్నారు. చిక్కల్లా ఎత్తు దగ్గర వచ్చింది. బావ ఆరడుగుల మనిషి, నేను ఆయన భుజం దాకా వస్తాను, ఆ సీటులో వెనక్కి ఆనుకుంటే నా కాళ్ళు పెడళ్ళకి అందవు. అందుకని పూర్ణా మార్కెట్లో దూది కొట్టించి తెచ్చిన తలగడ ఒకటి అక్క చేతిలో సిద్ధంగా ఉండేది. కారు ఆగడం, బావ లేవడం, అక్క తలగడ కుక్కడం, నేను కూర్చోవడం, అంతా నిమిషంలోపే అయిపోవాలి. "తిరిగి తిరిగి ఉన్న సోటికే వచ్చేదానికి ఆరు గంటలేటి, పెట్రోలేటి, మీ మొకాలేటి" అని వెక్కిరించేది గానీ, మొదలయ్యే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేదీ అక్కే. వీధిలోవాళ్ళు మాత్రం, పిచ్చి కుదిరింది రోకలి తలకి చుట్టమన్నట్టుంది వీళ్ళ యవ్వారం అనుకునేవారు.

మూడు పందేలు ఆడాం, మూడూ మధ్యలోనే పోయాయి. ఒకసారి కరెంటు పోయింది, ఒకసారి నెట్టు పోయింది, ఇంకోసారి ఐదో గంటలో నేనే కారు తీసుకెళ్ళి గోడకి కొట్టాను. బావ కోరిక మాత్రం ఒక్కటే. ఒక్క పందెమైనా తన చేత్తో చివరి గీత దాటించాలి. ఒంట్లో ఓపిక రోజురోజుకీ తగ్గుతోందని తనకీ తెలుసు, మాకూ తెలుసు.

నాలుగో పందెం ఒక ఆదివారం వచ్చింది. పొద్దున్న చర్చికి వెళ్ళొచ్చి పన్నెండింటికి మొదలుపెట్టాం. మందుల చీటీ వెనక బావ రాసిపెట్టిన వంతుల ప్రకారం నాలుగున్నర నుంచి ఆరు దాకా తనదే, మధ్యలో పెట్రోలుకి ఆగినా లేవడు. నేను కుర్చీ ఇచ్చేసరికి మాది పద్నాలుగో స్థానం. ఐదు దాటాక కారు మెల్లబడింది. ఒకటి, రెండు, నాలుగు కార్లు మమ్మల్ని దాటిపోయాయి. ముందురోజే డయాలసిస్ అయింది, మెడ వెనక చెమట కారుతోంది, సూదులు గుచ్చిన ఆ చెయ్యి స్టీరింగు మీద వణుకుతున్నట్టు నాకు అనిపించింది. ఎలా ఉందని అడిగితే బానే ఉందిరా అన్నాడు. ఐదుంబావుకి పెట్రోలుకి ఆపి, ఎన్ని లీటర్లు చాలో తెర మీద అంకె వేయబోతుంటే, నేను వెనకనుంచి చెయ్యి చాపి స్టీరింగు పట్టుకున్నాను. "లెగు బావా, నాను తెత్తాను. అక్కా, తలగడియ్యి" అన్నాను.

బావ నా మొహంలోకి చూడలేదు, తెర మీద అంకెల వైపే చూస్తూ ఒక్క క్షణం కూర్చున్నాడు. వాదించలేదు. కుర్చీ చట్రం పట్టుకుని మెల్లగా లేచాడు. తలగడ పట్టుకున్న అక్క కదలకుండా నిలబడిపోతే, నేనే లాక్కుని వెనక పెట్టుకుని, ట్యాంకు నిండా పోయించి బయల్దేరాను. ఆరింటికి గీత దాటించాను, పదిహేడో స్థానం. ట్యాంకులో ఇంకా పావు వంతు పెట్రోలు మిగిలే ఉంది, నా లెక్క తప్పింది కాబోలు అనుకున్నాను. చిన్నపిల్లాడిలా రెండు చేతులూ పైకెత్తి అరిచాను. మంచం మీద కూర్చున్న బావ చప్పట్లు కొట్టి, "బాగా తెచ్చినావురా" అన్నాడు.

జాలిపడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. దేవుడి ముందు అబద్ధమెందుకు, జాలి ఒక్కటే కాదు. గోడకి కొట్టినవాణ్ణి నేను. ఈసారి ఎలాగైనా పూర్తవ్వాలన్న ఆశ, పూర్తిచేసినవాణ్ణి అనిపించుకోవాలన్న ఆశ నాకూ ఉంది. మళ్ళీ పందెం రెండు నెలల తర్వాతన్నారు. అప్పుడు మొత్తం చివరి వంతు నీదే బావా అన్నాను, సరే అన్నాడు. ఆ తేదీ రాకముందే పోయాడు. సమాధుల తోటలో పెట్టె దింపుతున్నప్పుడు కూడా, తొందరపడ్డాను బావా అన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది.

మొన్న కుర్చీ బోల్టులు విప్పుతుంటే అక్క ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. "ఆ రోజు నువ్వెళ్ళిపోనాక మీ బావ ఇందులోనే కూసున్నాడురా, టీవీ ఆపేసి. పెట్రోలు మిగలాలని మెల్లగా తెత్తన్నాను, ఆఖర్న కొంచెమే పోయించుకుని తక్కువసేపు ఆగొచ్చు, మనల్ని దాటినోళ్ళందరూ ఎక్కువసేపు ఆగాల, ఆడికి సెప్పడం మర్సిపోనాను, తప్పు నాదే అన్నాడు. నీకు సెప్పలేదేటి?"

లేదక్కా, చెప్పలేదు. స్పానరు పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. ఒలమ్మో, నానెందుకు సెప్పానురా అంటూ అక్కా ఏడ్చింది. బావ చెయ్యి వణకలేదు. మెల్లగా, జాగ్రత్తగా బరువు దింపుతున్నాడు. నేను మధ్యలో చెయ్యి వేశాను. పైగా తప్పు తన మీదే వేసుకుని పోయాడు.

ఇప్పుడు కొన్ని హార్బర్లలో క్రేన్లని కింద గదిలో కూర్చుని తెరలు చూస్తూ నడిపేస్తున్నారట. నిచ్చెన ఎక్కి వచ్చి వెనక నిలబడేవాడు అక్కర్లేదట. మా క్లబ్బు పందేల్లోనూ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని మీట నొక్కితే కారు చేతులు మారిపోతోంది, ఒకరు లేవనూ అక్కర్లేదు, ఇంకొకరు తలగడ పట్టుకుని నిలబడనూ అక్కర్లేదు. మంచిదేనేమో. ఆ కుర్చీ ఇప్పుడు మా ముందు గదిలో ఉంది. తలగడ మాత్రం అక్క దగ్గరే వదిలేసి వచ్చాను. సాయంత్రాలు ఆ కుర్చీ వెనకాల నిలబడి చూస్తుంటాను. వచ్చాను బావా అని ఒక్క మాట చెప్పి, నువ్వు లేచేదాకా చేతులు కట్టుకుని నిలబడటం ఇప్పుడు నాకు బాగానే వచ్చు. కుర్చీలో నువ్వే లేవు.