రేపు చెప్తా

నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు మా బోటనీ సారుకి ఒక అలవాటుండేది. తెలియని ప్రశ్న అడిగితే దబాయించేవారు కాదు. "నాకు తెలీదురా, రేపు చెప్తా" అని అరచేతి మీద పెన్నుతో రాసుకునేవారు. ఇప్పుడు నేనూ సైన్సు టీచర్నే. తెలియనిది అడిగితే సిలబస్‌లో లేదనేవాణ్ణి, మొన్నటిదాకా.

ఒకసారి స్లిప్ టెస్ట్ తప్పించుకోవడానికి లేచి, మిరపకాయలో కారం ఎక్కడుంటుందని అడిగాను. సారు రాసుకున్నారు. టెస్ట్ మాత్రం పెట్టారు. మర్నాడు వాచిన పెదాలతో వచ్చి, "నమిలి చూశా. గింజల్లోనేరా" అన్నారు.

పదిహేనేళ్ళ తర్వాత, మొన్న సత్తెనపల్లి బస్టాండులో నేనెక్కిన బస్సు కదులుతుంటే ఎవరో కిటికీ కింద దబదబా బాదారు. చూస్తే సారు.

"ఒరేయ్, ఆరోజు నేను చెప్పింది తప్పు. కారం గింజల్లో కాదు, గింజలు అంటుకునుండే తెల్ల పొరలో ఉంటది."

"చానా ఏళ్ళయింది గదా, పోనీండి సార్."

"ఏంది పోనిచ్చేది? క్లాసంతటికీ చెప్పా. ఇంకా ఇద్దరు దొరకలా. వాళ్ళ నంబర్లుంటే ఇయ్యి," అని ఆ ఇద్దరి పేర్లూ చెప్పారు.

డ్రైవరు విసుక్కుంటూ బస్సాపాడు. సారు ఫోన్ తీస్తారనుకున్నాను. పెన్నిచ్చి, కిటికీలోంచి అరచెయ్యి లోపలికి చాపారు. దాని మీద అప్పటికే మూడు ప్రశ్నలున్నాయి. నంబర్లు మణికట్టు మీద రాశాను.