ఏనుగుకు ఆకలైంది

అక్షరాలు నేర్చుకునేసరికి నాకు యాభై దాటింది. సాయంత్రం పూట మా ఊరి బడిలో పెద్దవాళ్ళకు చదువు చెప్పడానికి ఒక అమ్మాయి వచ్చేది. మాది తమిళ రాష్ట్రం గనక మొదట తమిళం నేర్పింది. ఇంట్లో మాట్లాడేది తెలుగు కాబట్టి ఆ అక్షరాలు కూడా కావాలని పట్టుబట్టి, తర్వాత అవీ నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదివిన మొదటి కథ ఇద్దరు రైతులది. కష్టపడిన రైతు చేను పండింది, సోమరి రైతు చేను ఎండింది. అంతే కథ. పుస్తకం మూసేసి, "ఇది రాసినాయన యానాడూ చేన్లో కాలు పెట్టినట్టు లేదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "అయితే మీరే రాయండి అవ్వా, ఎట్లుంటాదో చూస్తాము" అంది.

అందుకే రాస్తున్నాను.

మాది డెంకణికోట అవతల, అడవి అంచున ఉన్న ఊరు. రాగి కంకి ముదిరే రోజుల్లో ఏనుగులు దిగుతాయి. ప్రతి చేనులో ఒక మంచె, మంచె మీద మోగించడానికి ఒక రేకు డబ్బా, కాసిని టపాకాయలు ఉంటాయి. ఎంత మోగించినా వచ్చేవి వస్తాయి. ఏనుగు పడిన చేను వాళ్ళకు మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ఆ ఇంటివాళ్ళు తడిబట్టలతో వినాయకుడి గుడి ముందు నిలబడి, కొబ్బరికాయ కొట్టి, తాము చేసిన తప్పేమిటో ఊరి ముందు చెప్పాలి. ఏనుగంటే ఆ దేవుడే కదా, కారణం లేకుండా రాడని నమ్మకం. తప్పు చెప్పేదాకా ఆ ఇంటికి బదులు పనికి ఎవరూ రారు. ఈ రోజు మేము మీ చేను కోస్తే రేపు మీరు మా చేను కోస్తారు చూడండి, ఆ పనికి. అది లేకపోతే రైతుకు చేతులు విరిగినట్టే.

తప్పు ఏదైనా కావచ్చు. మొక్కు మరిచామనేవాళ్ళు, అమావాస్య నాడు నాగలి కట్టామనేవాళ్ళు ఉండేవారు. ఇంట్లో ఆడవాళ్ళుంటే వెతుక్కునే శ్రమ కూడా లేదు.

తొంభైల్లో ఒక ఏడు ఆ వంతు మాకు వచ్చింది.

ఆ ఏడు విత్తే సమయానికి నా భర్తకు జ్వరం. ఆయన్ని తీసుకుని నేను డెంకణికోట ఆస్పత్రిలో ఉన్నాను. మంచి వాన పడింది. నేల పదును ఆరిపోతే మళ్ళీ వాన ఎప్పటికో. ఇంట్లో ఉన్నది మా ఆడబిడ్డ ఒక్కతే, నా భర్త చెల్లెలు. పెళ్ళయిన ఏడాదిలోపే మొగుడు పాము కాటుతో పోతే, "నువ్వు కాలు పెట్టిన వేళ" అన్న మాటను మోసుకుని పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. మా ఊళ్ళో తొలి పిడికెడు గింజలు ఇంటి మగవాడో, ముత్తైదువో చల్లాలి. ఆమె ఎవరినీ అడగకుండా కొంగు బిగించి చల్లేసింది. మేము తిరిగొచ్చేసరికి చేనంతా ఖాళీ లేకుండా మొలిచింది. పైరు పెరిగేకొద్దీ దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. "ఏం ఎరువు ఏసినారమ్మా?" అని అడిగేవారు. ఎవరు చల్లారని ఒక్కరూ అడగలేదు.

ఇంకో వారంలో కోత అనగా ఏనుగులు వచ్చాయి. నా భర్త మంచె మీదే ఉన్నాడు. డబ్బా మోగించాడు, గొంతు పోయేలా అరిచాడు. తెల్లవారి చూస్తే చేను ముప్పాతిక వంతు లేదు. తిన్నది కొంత, తొక్కింది ఎక్కువ. గెనుమ గట్టుకు అవతల చేను మాత్రం వెన్ను వంచకుండా నిలబడి ఉంది. ఆ చేనాయన ఒళ్ళు తెలియకుండా తాగి తన మంచె మీదే నిద్రపోయాడు. లేచి కళ్ళు నులుముకుంటూ, "ఏమయిందక్కా?" అన్నాడు. చేను చూసి రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది.

పొద్దెక్కకముందే ఊరి పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. నా భర్తకు చిన్నాన్న వరస. అరుగు మీద కూర్చుని, మా ఆడబిడ్డ వైపు చూడకుండానే అన్నాడు.

"తొలి గింజ ఎవురు చల్లినారో ఊరికంతా తెలుసప్పా. రేపు పొద్దున గుడికాడికి రండి. తడిబట్టతో ఆ పిల్లే చెప్పల్ల. చెప్పేస్తే అయిపాయె. మిగిలిన చేను కోసేదానికి అందురమూ వస్తాము."

ఆయన వెళ్ళాక నా భర్త తల వంచుకుని, "ఒక్క మాటే గదా" అన్నాడు.

"ఒక్క మాటే. నువ్వు చెప్తావా?" అన్నాను.

వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూర్చున్నాను. ఆడబిడ్డ సంగటి కెలుకుతోంది. తల ఎత్తకుండానే అంది.

"నేను చెప్పేస్తా వదినా."

"నువ్వేం తప్పు చేసినావని?"

"ఏదో ఒకటి ఉండాల గదా. లేకుంటే ఆ తాగుబోతు చేను ఇడిసిపెట్టి మన చేన్లోకే ఎందుకొస్తాది?"

"దానికి ఆకలైంది. మన చేను దార్లో ఉంది."

"అంతేనా?"

"అంతే."

ఆమె తెడ్డు ఆపి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది. నేను ఆమెను కాపాడుతున్నానని అనుకుంటుంటే, ఆమె నన్ను ఏదో లాక్కున్నదాన్ని చూసినట్టు చూసింది.

"తప్పు నాదయితే, వచ్చే ఏడు నేను గింజ ముట్టను. ఏనుగ రాదు. తప్పు ఎవురిదీ కాదంటే, ఇంగేం చేసేది వదినా?"

ఇన్నేళ్ళుగా ఆ మాట గురించే ఆలోచిస్తున్నాను. మనిషి నింద మోయగలడు. ఊరికే జరిగిందన్న మాట మోయలేడు. నింద ఉంటే పట్టుకోవడానికి ఒక పిడి ఉంటుంది. ఇది మానేస్తే అది జరగదు అనుకోవచ్చు. మొగుడు పోయినప్పుడు కూడా ఆమె ఆ పిడి పట్టుకునే బతికిందని నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైనా, ఒప్పుకోవాలనిపించలేదు. పాము మాట ఒకటి ఆమె మీద ఉండనే ఉంది. ఏనుగు మాట నేను పెట్టనివ్వను.

"ఏం చేసేదా? కావిలి కాసేది. మళ్ళా చల్లేది" అని చెప్పి, పొయ్యి ముందు నుంచి లేచాను.

మరునాడు గుడికి నేను వెళ్ళాను. పొడి చీరతో వెళ్ళాను. అది చూడగానే గుసగుసలు మొదలయ్యాయి. కొబ్బరికాయ కొట్టి ఊరి వైపు తిరిగాను.

"ఏనుగకు ఆకలైంది, వచ్చింది. మా ఇంట్లో తప్పు లేదు."

పెద్దాయన ముఖం నల్లబడింది. "అట్లంటే దేవుడు కండ్లు మూసుకోని ఉండాడంటావా?"

"ఆయన సంగతి ఆయన్నే అడుగు మామా. నన్నడిగితే నా సంగతి చెప్తాను."

పక్క చేనాయన మీసం దువ్వుతూ ముందుకొచ్చాడు. "నా చేన్లో అడుగు పెట్టలేదు చూడక్కా. పుణ్యాత్ముడి చేను!"

"నీ గెనుమ దాకా వచ్చి, నీ వాసన తగిలి తిరుక్కోనుంటాదిలే."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వారు గానీ, కోతకు ఒక్కరూ రాలేదు.

మిగిలిన చేను మేము ముగ్గురమే కోశాము. నడుములు పడిపోయాయి. నూర్చడానికి రాతి గుండు కావాలి. అది పెద్దాయన కల్లంలో ఉంది. అడగబుద్ధి కాలేదు. రాగి మోపులు నెత్తిన పెట్టుకుని వెళ్ళి డెంకణికోట రోడ్డు మీద పరిచాము. బస్సులు, లారీలు దాని మీదుగా పోయి నూర్చిపెట్టాయి. ఒక బస్సు డ్రైవరు తల బయట పెట్టి, "ఏమ్మా, రోడ్డు మీ నాయన కట్టించినాడా?" అని అరిచాడు. "లేదప్పా, నీ బస్సును మా నాయనే కొనిచ్చినాడు, నిదానంగా పో" అన్నాను. మా ఆడబిడ్డ చేట పక్కన పడేసి నవ్వింది. ఏనుగులు వచ్చినప్పటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

కొన్నాళ్ళకు ఏనుగులు పెద్దాయన కల్లం మీద పడ్డాయి. కోసి వేసిన కుప్పంతా చెల్లాచెదురు చేశాయి. ఆయన తడి పంచెతో గుడి ముందు నిలబడి, మనవడికి తల వెంట్రుకలు తీయించే మొక్కు వాయిదా వేశానని చెప్పాడు. చలికి ఆయన దవడలు కొట్టుకుంటున్నాయి. ఆడబిడ్డ పరుగున ఇంటికి వచ్చింది.

"చూసినావా వదినా! మనల్ని అన్న దానికి దేవుడు చూపించినాడు!"

ఆ మాట నా నోట్లో బెల్లంలా కరిగింది. అబద్ధం ఎందుకు, చాలా తియ్యగా ఉంది. కానీ మింగలేదు. ఆయన కల్లం ఆయన పాపానికి పోయిందని నేనంటే, మా చేను మా పాపానికి పోయినట్టే. ఒకటి వద్దన్నదాన్ని రెండోది ఎట్లా తీసుకుంటాను?

"దానికి మళ్ళా ఆకలైంది, అంతే" అని చెప్పి, చేట తీసుకుని ఆయన కల్లానికి నడిచాను. మట్టిలో కలిసిన గింజలు చెరగడానికి ఆ ఇంటి ఆడవాళ్ళు చాలరు. పెద్దాయన నన్ను చూసి, ఏమనాలో తెలియక, "తప్పు చెప్పేసినాను, ఇంగ రాదులేమ్మా" అన్నాడు.

"చెప్పినా చెప్పకపోయినా కావిలి మాత్రం కాయి మామా" అన్నాను. సాయంత్రం నాకు మజ్జిగ ఆయనే తన చేత్తో పోశాడు.

మరుసటి ఏడు వాన పడింది. నా భర్త ఆరోగ్యంగానే ఉన్నాడు. గింజల గంప నేను ఆయనకు ఇవ్వలేదు. చుట్టూ చేలల్లో ఊరంతా చూస్తుండగా మా ఆడబిడ్డ చేతిలో పెట్టాను. ఆమె వెనక్కి తోసింది.

"వద్దు వదినా. మళ్ళా ఏనుగొస్తే?"

"వస్తే వస్తాది. వచ్చినా నీ వల్ల కాదు, రాకపోయినా నీ వల్ల కాదు. పదును ఆరిపోతా ఉంది, చల్లు."

ఈసారి నా భర్తే, "చల్లమ్మా, ఎండెక్కుతా ఉంది" అన్నాడు. ఆమె పిడికిలి నింపుకుంది. మొదటి పిడికెడు కుప్పగా ఒకే చోట పడింది. రెండోది దూరంగా, చక్కగా పడింది.

ఈ సంగతి ఎవరికి చెప్పినా చివర ఒకే ప్రశ్న అడుగుతారు. ఆ ఏడు ఏనుగులు వచ్చాయా, రాలేదా? చదువు నేర్పిన అమ్మాయి కూడా అడిగింది. ఆమెకూ చెప్పలేదు, మీకూ చెప్పను. రాలేదంటే ఆమెది మంచి చెయ్యి అంటారు. వచ్చాయంటే పెద్దాయన మాటే నిజమంటారు. రెండింటికీ ఆమె చెయ్యే కావాలి మీకు. ఆ చెయ్యి దేనికీ కారణం కాదు. గింజలు బాగా చల్లుతుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ మా చేనులో తొలి పిడికెడు చల్లింది ఆమే.